దూరవైద్యంలో వినికిడి: స్పీకర్‌ఫోన్ ఎంపికపై నా అభిప్రాయం

మా పెద్ద వదినగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. చాలాకాలంగా రుమటాయిడ్ కీళ్ళవాతంతో బాధపడుతున్నారు. అంతకు ముందు స్వయంగా పరీక్షించిన కీళ్ళవ్యాధుల నిపుణుడు, రక్తపరీక్షల ఫలితాలు చూసి, వీడియో సంప్రదింపులో ఆమెకు మెథోట్రెక్సేట్ అనే మందు ప్రారంభించారు. ఆ సంప్రదింపులో ఇటు మా అన్నయ్య, వదినగారు, కోడలు ఒక లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. అమెరికాలో ఉన్న కొడుకు కూడా అదే కాల్‌లో చేరాడు. లాప్‌టాప్ శబ్దం చాలడం లేదని దానికి చౌకరకం చిన్న స్పీకర్ ఒకటి తగిలించారు.

డాక్టరుగారు చెప్పింది స్పష్టమే. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి, ఫోలిక్ యాసిడ్ రోజూ. అయితే ఆయన ‘వారానికి’ అంటున్న క్షణంలోనే వదినగారు ‘ఆఁ, అలాగేనండీ’ అన్నారు. ఆ ఒక్క మాట అక్కడ తెగిపోయింది. ఆమెకు వినిపించినవి ‘ఒక్కసారి’, ‘రోజూ’ అన్న రెండు మాటలే. మందులచీటీ ఫోనుకు వచ్చింది గాని, అంతా విన్నాం కదా అని దానిని ఎవరూ పరీక్షగా చదవలేదు. నాలుగో రోజు ఉదయం కుశలం కనుక్కుందామని నేను ఫోన్ చేసేటప్పటికి ఆమె మూడు రోజులుగా ఆ మాత్ర వరుసగా వేసుకుంటున్నారు.

మెథోట్రెక్సేట్ కీళ్ళవాతానికి చక్కని మందు. కాని వారానికొకసారి వేసుకోవలసిన దానిని రోజూ వేసుకుంటే ఎముకలలోని మజ్జ దెబ్బతింటుంది, రక్తకణాలు పడిపోతాయి, నోరు పూస్తుంది, ప్రాణాపాయం కూడా కలుగుతుంది. ఈ పొరపాటు వల్ల మరణాలు సంభవించాయని వైద్యలోకానికి చిరకాలంగా తెలుసు. వదినగారి విషయంలో మందు వెంటనే ఆపించి, వైద్యునికి తెలియజేసి, ఆయన సలహాపై రక్తపరీక్షలు మళ్ళీ చేయించాము. అదృష్టవశాత్తు ఏ హానీ జరగలేదు. తరువాత ఆ ఇంటికి ఒక మంచి యూఎస్‌బీ స్పీకర్‌ఫోన్ ఎంచిపెట్టే బాధ్యత నామీద పడింది. ఆ పనిలో నేను తెలుసుకున్నవి, నాకు కలిగిన అభిప్రాయాలు పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. ‘ఆరోగ్య వ్యాసాలు వ్రాసే డాక్టరుకు స్పీకర్లతో ఏమి పని?’ అని ఎవరైనా అడిగితే, పైన చెప్పిన సంఘటనే నా సమాధానం.

కన్నుకు ఇచ్చిన విలువ చెవికి ఇవ్వడం లేదు

మన దేశంలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు 2020 మార్చి 25న వెలువడ్డాయి. అంతకు ముందే, 2019 నవంబరులో, ఈ-సంజీవని సేవ ఆరంభమయింది. దానిని ముందుగా అమలుచేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. నేడు పల్లెలోని ఆరోగ్య కేంద్రంలో కూర్చున్న రోగి ఎక్కడో ఉన్న నిపుణునితో మాట్లాడగలుగుతున్నాడు. ఇది మంచి మార్పు. మేము ఉద్యోగంలో చేరిన రోజులలో జిల్లా ఆసుపత్రికి ట్రంక్ కాల్ చేసి, వీధి వీధంతా వినబడేటట్లు కేకలు వేసి సలహా అడిగేవాళ్ళము.

అయితే ఈ ఏర్పాట్లలో అందరి దృష్టీ కెమెరామీద, తెరమీద, ఇంటర్‌నెట్ వేగంమీద ఉంటున్నది. రోగనిర్ణయంలో సగానికి పైగా రోగి చెప్పే మాటలు వినడంలోనే ఉన్నదని మా గురువులు నేర్పారు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా వైద్యుడు నెట్టుకు రాగలడు, మాట తెగిపోతే నెట్టుకు రాలేడు. అందుచేత దూరవైద్యంలో మొదటి ఖర్చు శ్రవణ పరికరానికే కావాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

వయసు మళ్ళిన చెవి ఏమి పోగొట్టుకుంటుంది?

ఆరోగ్యవంతమైన పసిచెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు గల ధ్వనులను వింటుంది. వయసుతో వచ్చే వినికిడి లోపం హెచ్చు పౌనఃపున్యాల దగ్గర మొదలవుతుంది. అచ్చుల బలం తక్కువ పౌనఃపున్యాలలోను, స, శ, ఫ వంటి హల్లుల బలం హెచ్చు పౌనఃపున్యాలలోను ఉంటుంది. అందుకే పెద్దవారు ‘నువ్వు మాట్లాడుతున్నట్లు వినబడుతున్నది గాని, ఏమంటున్నావో తెలియడం లేదు’ అంటారు. అది పరధ్యానం కాదు, అచ్చులు అంది హల్లులు జారిపోవడం.

పాత టెలిఫోను తీగలు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే ధ్వనిని మోసుకెళ్ళేవి. ఇంటర్‌నెట్ కాల్‌లు 7,000 హెర్ట్జ్‌ను, అంతకు పైబడి కూడా మోయగలవు. హల్లులు దాటిరావడానికి ఇది గొప్ప వెసులుబాటు. కాని చివరన ఉన్న స్పీకరు నాసిరకమైతే ఆ వెసులుబాటు అక్కడే వృథా అవుతుంది.

తెలుగులో ఈ ఇబ్బంది ఎలా ఉంటుందో ఆలోచించండి. ‘తినకముందు’ వేసుకోవలసిన మాత్ర ఉంటుంది, ‘తిన్నాక’ వేసుకోవలసిన మాత్ర ఉంటుంది. ‘ముందు’ అన్నది తెగిపోతే ‘తినక’కు, ‘తిన్నాక’కు మధ్య మిగిలేది ఒక ఒత్తు, ఒక దీర్ఘం. ఇన్సులిన్ పదిహేను యూనిట్లా, పదిహేడు యూనిట్లా? మందుల పేర్లు సరేసరి. రక్తపోటుకు వాడే హైడ్రాలజీన్, దురదకు వాడే హైడ్రాక్సిజీన్ ఎదురెదురుగా కూర్చున్నా తారుమారయ్యే జంట.

మన ‘ఊఁ’ తెచ్చే చిక్కు

స్పీకరు, మైకు ఒకే పెట్టెలో ఉన్నప్పుడు అవతలివారి మాట స్పీకరు నుంచి వచ్చి, మైకులో దూరి, తిరిగి వారికే ప్రతిధ్వనిగా చేరుతుంది. దీనిని అరికట్టడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది మోటు పద్ధతి. ఒకరు మాట్లాడేటప్పుడు రెండోవారి మార్గం మూసివేయడం. దీనిని హాఫ్ డ్యూప్లెక్స్ అంటారు. రెండవది, స్పీకరు నుంచి వెలువడిన ధ్వని గది గోడలకు తగిలి మైకును ఎలా చేరుతుందో లెక్కగట్టి, మైకు పట్టిన ధ్వనిలోనుంచి దానిని తీసివేయడం. గది మారినా, మనిషి కదిలినా లెక్కను తనంతట తానే సవరించుకునే ఇటువంటి పద్ధతులు 1960లలో అమెరికాలోని బెల్ పరిశోధనాలయంలో రూపుదిద్దుకున్నాయి. భారతదేశంలో పుట్టిన మన్‌మోహన్ సోంధీ ఈ విషయంపై 1967లో ప్రచురించిన వ్యాసం ప్రసిద్ధమైనది. ఈ విధానం చక్కగా పనిచేసే పరికరంలో ఇద్దరూ ఒకేసారి మాట్లాడినా ఇద్దరి మాటా దాటుతుంది. దీనిని ఫుల్ డ్యూప్లెక్స్ అంటారు.

ఈ తేడా మన తెలుగువారికి మరింత ముఖ్యం. ఎదుటివారు మాట్లాడుతున్నంతసేపూ ‘ఊఁ’, ‘ఆఁ’, ‘అవునండీ’ అనకపోతే మనకు మర్యాదగా తోచదు. కథ చెప్పేటప్పుడు పిల్లలు ఊఁ కొట్టకపోతే అమ్మమ్మ కథ ఆపేస్తుంది. మోటు పద్ధతిలో పనిచేసే పరికరానికి ఈ మర్యాద తెలియదు. మన ‘ఊఁ’ వినగానే మనం మాట్లాడబోతున్నామనుకొని వైద్యుని మాటను నొక్కేస్తుంది. వదినగారి ఇంట్లో జరిగినది ఇదే. ఎనభై ఏళ్ళు దగ్గరపడుతున్న మనిషిని ఊఁ కొట్టవద్దనడం కంటె, ఊఁ కొట్టినా మాట తెగని పరికరం తెచ్చిపెట్టడం మేలు.

ఎంపికలో నేను చూసుకున్నవి

మొదటిది, పైన చెప్పిన ఫుల్ డ్యూప్లెక్స్. పెట్టెమీద వ్రాసి ఉన్నది నమ్మి ఊరుకోకండి. ఇంట్లోనే పరీక్షించవచ్చు. అవతలి ఊరిలోని మనిషిని ఒకటి నుంచి యాభై వరకు ఆపకుండా లెక్కపెట్టమనండి. మీరు మధ్య మధ్య ఊఁ కొడుతూ వినండి. అంకెలు మాయమవుతుంటే ఆ పరికరాన్ని తిరిగి పంపివేయండి. అందుకే తిరిగి తీసుకునే గడువు ఉన్న చోటనే కొనండి.

రెండవది, వైడ్‌బ్యాండ్ ధ్వని. హల్లులు దాటాలంటే ఇది ఉండాలి.

మూడవది, యూఎస్‌బీ తీగ. బ్లూటూత్ సౌకర్యమే గాని, ఛార్జింగ్ అయిపోవడం, జత కలవకపోవడం వంటి చిక్కులు పెద్దవారికి తలనొప్పి. యూఎస్‌బీ స్పీకర్‌ఫోన్ విద్యుత్తును కంప్యూటర్ నుంచే తీసుకుంటుంది. సాధారణంగా వేరే సాఫ్ట్‌వేరు కూడా అవసరం ఉండదు. మీ కంప్యూటర్‌కు ఉన్నది వెడల్పు యూఎస్‌బీ రంధ్రమా, చిన్న సి-రకం రంధ్రమా అన్నది ముందే చూసుకోండి.

నాలుగవది, మీటలు. కీళ్ళవాతం ఉన్న వ్రేళ్ళకు, వణికే వ్రేళ్ళకు, నునుపైన గాజుమీద తాకే గుర్తులు పనికిరావు. నొక్కితే తెలిసే పెద్ద మీటలు కావాలి. మైకు ఆపినప్పుడు ఎర్రదీపం స్పష్టంగా వెలగాలి.

అయిదవది, ఎంతమందికి ఉద్దేశించినది అన్నది. జాబ్రా, పోలీ, యాంకర్, లాజిటెక్ వంటి సంస్థలు ఒకరిద్దరికి సరిపోయే చిన్నవాటి నుంచి సమావేశపు బల్లకు సరిపోయే పెద్దవాటి వరకు తయారుచేశాయి. ఇంటికి చిన్నది చాలు. నేను ఏ ఒక్క సంస్థనూ సిఫారసు చేయడం లేదు. ఖరీదును కూడా కొలబద్దగా తీసుకోవద్దు, ఊఁ పరీక్షనే తీసుకోండి.

తెచ్చిన తరువాత

బహిరంగ ప్రదేశంలో దూరం రెట్టింపయితే ధ్వని 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. గదిలో లెక్క కొంత మారినా సూత్రం అదే. అందుచేత పరికరం చేతికి అందేంత దూరంలో ఉండాలి. మన ఇళ్ళలో నేల గచ్చు లేదా రాయి, గోడలు బోడివి కావడం వల్ల శబ్దం గింగురుమంటుంది. కర్టెన్లు ఉన్న గది, మంచంమీద పరుపు ఉన్న గది మేలు. సీలింగ్ ఫ్యాను ఆ పదిహేను నిమిషాలు తగ్గించండి. పరికరాన్ని గోడమూలకు కాక బల్ల మధ్యలో, మడత పెట్టిన తువ్వాలుమీద ఉంచండి.

జూమ్ వంటి కార్యక్రమాల అమరికలలో మైకుగాను, స్పీకరుగాను ఈ ఒక్క పరికరాన్నే ఎంచుకోవాలి. మైకు లాప్‌టాప్‌ది, స్పీకరు కొత్తదానిది అయితే ప్రతిధ్వనిని తీసివేసే లెక్క కుదరదు. ‘కొత్తది కొన్నా బాగుపడలేదు’ అని నాకు ఫోన్ చేసినవారిలో చాలామంది పొరపాటు ఇదే.

ఎవరికి అవసరం లేదు?

గదిలో ఒక్కరే ఉంటే తీగ ఉన్న హెడ్‌సెట్ చాలు. అది చౌక, గుట్టు కూడా దక్కుతుంది. శబ్దం మితంగా పెట్టుకోండి. వారానికి 40 గంటలకు 80 డెసిబెళ్ళు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. వినికిడి సాధనం వాడేవారు కొనేముందు తమ ఆడియాలజిస్టును అడగాలి.

గుట్టు అన్నాను గనుక ఒక హెచ్చరిక. స్పీకర్‌ఫోన్ మాటను గదిలోని వారందరికీ పంచుతుంది. వసారాలో వరుసగా రోగులు కూర్చున్న ఆరోగ్య కేంద్రంలో, తెరిచిన తలుపు పక్కన, ఒక స్త్రీ తన తెల్లబట్ట గురించో, గర్భస్రావం గురించో చెప్పుకోగలదా? చెప్పుకోలేదు. సగం చెప్పి లేచిపోతుంది. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్, ఒక యువతి రొమ్ముకు చెవి ఆనించడం మర్యాద కాదని కాగితాన్ని గొట్టంగా చుట్టి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. బాగా వినడం, రోగి మర్యాద కాపాడడం మా వృత్తిలో మొదటినుంచీ కలిసే ఉన్నాయి. స్పీకర్‌ఫోన్ బల్లమీద పెట్టేవారు తలుపు మూయడం కూడా నేర్చుకోవాలి. ఇంట్లోనయినా సరే, ‘అందరూ వినవచ్చునా?’ అని రోగిని ముందుగా అడగాలి.

మరొక మాట. శబ్దం ఎంత పెంచినా మాటలు తెలియకపోతే లోపం పరికరంలో కాదు, చెవిలో ఉండవచ్చు. అది గులిమి కావచ్చు, నరం బలహీనత కావచ్చు. చెవి వైద్యుని చూసి ఆడియోగ్రామ్ తీయించుకోండి. ఒక చెవి హఠాత్తుగా వినిపించకపోతే ఆ రోజే వెళ్ళండి, చికిత్స ఆలస్యమయినకొద్దీ ఫలితం తగ్గుతుంది. మతిమరుపు వ్యాధికి దారితీసే, మనం మార్చుకోగలిగిన 14 అంశాలలో వినికిడి లోపం ఒకటని 2024లో లాన్సెట్ కమిషన్ పేర్కొన్నది. వినబడని మనిషి క్రమంగా మాట్లాడడం మానేసి, నలుగురిలో కలవడం మానేస్తాడు.

చివరిగా

పరికరం ఎంత మంచిదైనా అది సగం పనే చేస్తుంది. తక్కిన సగం మనం చేయాలి. సంప్రదింపు ముగిసేముందు రోగిగాని, తోడున్నవారుగాని ప్రతి మందు పేరు, మోతాదు, ఎన్నాళ్ళకొకసారి అన్నది వైద్యునికి తిరిగి అప్పజెప్పాలి. వైద్యుడు ‘సరే’ అన్న తరువాతనే కాల్ ముగించాలి. మందులచీటీ వచ్చాక దానితో సరిచూసుకోవాలి. వైద్యమిత్రులకు నా మనవి కూడా ఇదే. ‘అర్థమయిందా?’ అని అడిగితే మన పెద్దలు ‘అయిందండీ’ అనే అంటారు. ‘ఏమర్థమయిందో చెప్పండి’ అని అడగండి.

వదినగారు ఇప్పుడు ఆ మందు ప్రతి ఆదివారం వేసుకుంటున్నారు. గత నెల సంప్రదింపులో నేనూ కాల్‌లో ఉన్నాను. ఆమె ఎప్పటిలాగే ఊఁ కొడుతూనే ఉన్నారు. డాక్టరుగారి మాట ఒక్కటీ తెగలేదు. అయినా చివరలో ఆమెచేత అంతా అప్పజెప్పించాము.