రాత్రి ఎక్కడ పడుకుంటామో తేలాకే కారు కదలాలి

డిసెంబర్ వచ్చిందంటే మన గేటెడ్ కమ్యూనిటీల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోటీ మొదలవుతుంది. "శుక్రవారం రాత్రి పదింటికి గచ్చిబౌలిలో ఎక్కాం, శనివారం మధ్యాహ్నానికల్లా ఊటీలో ఉన్నాం, మధ్యలో ఎక్కడా పడుకోలేదు" అని ఒకాయన పెడతాడు. కింద ఇరవై బొటనవేళ్ళు, నాలుగు చప్పట్లు. ఆ కార్లో పక్క సీట్లో కూర్చున్న ఆవిడని మాత్రం ఎవరూ అడగరు, రాత్రంతా ఎలా గడిచిందమ్మా అని.

ఎలా గడుస్తుందో మనకి తెలుసు కదా. ఆయనకి కునుకు పట్టకుండా చూడ్డం మన డ్యూటీ. బత్తాయి వలిచి నోటికందించాలి, పాటలు మార్చాలి, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి. వెనక చిన్నాడు వాంతి చేసుకుంటే మనమే, పెద్దది బాత్రూమ్ అంటే మనమే. అర్ధరాత్రి హైవే మీద శుభ్రమైన బాత్రూమ్ దొరకదని తెలిసి సాయంత్రం నుంచే నీళ్ళు తాగడం మానేసేది కూడా మనమే. ఊరెళ్ళొచ్చాక మంట, జ్వరం అంటూ డాక్టర్ దగ్గరికెళితే ఆవిడ అడిగే మొదటి ప్రశ్న "నీళ్ళు సరిగ్గా తాగట్లేదా?" అనే. దీన్ని విహారయాత్ర అంటారా?

నేను చెప్పేది ఒకటే. కొండ ప్రాంతానికి కార్లో వెళ్ళేటప్పుడు మొదట తేలాల్సింది ఏమేం చూస్తాం అన్నది కాదు, ఏ రాత్రి ఎక్కడ పడుకుంటాం అన్నది. ఆ మాట తేల్చే హక్కు స్టీరింగ్ పట్టుకున్న వాళ్ళ ఒక్కరిదే కాదు.

"నీకు డ్రైవింగ్ రాదు, నీకేం తెలుసు" అంటారు. సరే, డ్రైవింగ్ వదిలేసి లెక్కలు చూద్దాం. శుక్రవారం పొద్దున ఆరింటికి లేచిన మనిషి రాత్రి పదకొండింటికి 17 గంటలు మేలుకున్నట్టు. పదింటికి బయల్దేరితే అప్పటికి ఇంకా జడ్చర్ల దగ్గరే ఉంటారు. 17 గంటలు నిద్రలేకుండా ఉన్నవాళ్ళ చురుకుదనం, రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతం ఉన్నవాళ్ళతో సమానంగా పడిపోతుందని 1997లోనే ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పుకునే హద్దు 0.03 శాతం. అంటే, చుక్క తాగకపోయినా మీ ఆయన ఆ హద్దు దాటినవాడితో సమానమే. తాగి నడుపుతానంటే పిల్లల్ని ఎక్కించం. నిద్ర లేకుండా నడుపుతానంటే మాత్రం ఫ్లాస్కులో కాఫీ పోసిచ్చి మరీ ఎక్కుతాం!

ఇంకో లెక్క. లారీ, బస్సు డ్రైవర్ల కోసం 1961లో చేసిన చట్టం రోజుకి 8 గంటల పని అంది, 5 గంటలకోసారి కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. యూరప్‌లో అయితే నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగి తీరాలి. బండి నడపడమే బతుకుతెరువైన వాళ్ళకి ఆ హద్దు. మరి మైండ్‌స్పేస్‌లో రోజంతా మీటింగుల్లో కూర్చుని, రాయదుర్గం ట్రాఫిక్‌లో గంట ఈదుకుంటూ ఇంటికొచ్చిన మనిషి 14 గంటలు ఏకబిగిన నడిపితే అది మగతనమా?

ఇప్పుడు కొండల సంగతి. ఊటీ మనకి సుమారు 850 కిలోమీటర్లు. శుక్రవారం కాకుండా శనివారం తెల్లవారుజామున బయల్దేరే బ్యాచ్ ఒకటుంటుంది. వాళ్ళకి సాయంత్రానికి మైసూరు దాటేసరికి కొత్త పరుగు మొదలవుతుంది. బందీపూర్ అడవి గుండా రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వెళ్ళనివ్వరు. 2009 నుంచీ ఉన్న నిబంధనే. అడవి జంతువులు బండ్ల కింద పడి చచ్చిపోతున్నాయని పెట్టారు. అయినా ప్రతి ఏడూ "గేటు పడేలోపు దూరిపోవాలి" అని అదరాబాదరాగా తోలేవాళ్ళే. దొరక్కపోతే గుండ్లుపేటలో ఏ గది దొరికితే ఆ గది. దొరికితే ఇంకా ఘోరం, అలసిపోయిన కళ్ళతో చీకట్లో ఘాట్ ఎక్కాలి. అంత దూరం ఎందుకు, మన శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు కూడా రాత్రి 9కి మూసేస్తారు. నల్లమలకి పడుకునే వేళ ఉంది. మనకే లేదు.

నా సూత్రం చిన్నది. రాత్రి కొండ కింద పడుకోవాలి, కొండ పొద్దున ఎక్కాలి. పొద్దునైతే మలుపు కనిపిస్తుంది, ఎదురొచ్చే బస్సు కనిపిస్తుంది. పిల్లలకి రెండు ఇడ్లీలు పెట్టి తేలిగ్గా ఎక్కిస్తే కడుపులో తిప్పడం కూడా తగ్గుతుంది. ముఖ్యంగా, కొండ కనిపిస్తుంది. చీకట్లో ఎక్కడానికైతే అంత దూరం పోవడం ఎందుకు?

అరకుకి వెళ్ళాలంటే మొదటి రోజు రాజమండ్రిలో ఆగండి. విజయవాడ మీదుగా సుమారు 430 కిలోమీటర్లు. సాయంత్రం అత్తయ్యగారికి గోదావరి గట్టు చూపించొచ్చు. రెండో రోజు పొద్దున్నే బయల్దేరితే శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కడం పగటి వెలుగులోనే అయిపోతుంది. ఊటీకైతే మొదటి రాత్రి బెంగళూరు ఊళ్ళోకి పోకుండా ఇవతలే, రెండో రాత్రి మైసూరులో. అది ఆదివారమైతే సాయంత్రం ప్యాలెస్ దీపాలు కూడా చూసుకోవచ్చు. మూడో రోజు ఆరింటికి అడవి గేటు తీశాక తీరిగ్గా పైకి. ఊటీ, కొడైకెనాల్‌లకి 2024 మే నుంచి ఈ-పాస్ కావాలి, అది ఇంట్లోనే తీసుకోండి.

"అన్ని రోజులు లీవెక్కడిది?" అంటారు. లేకపోతే ఊటీ వెళ్ళకండి. మూడు రోజులే ఉంటే వికారాబాద్ అనంతగిరి ఉంది, శ్రీశైలం ఉంది. అయినా రాత్రి ప్రయాణంలో రోజు మిగిలిందన్నది ఉత్త మాట. పైకి చేరాక ఆయన కర్టెన్లు వేసుకుని సాయంత్రం దాకా పడుకుంటారు, మనం పిల్లల్ని "ష్... నాన్న పడుకున్నారు" అంటూ వరండాలో తిప్పుతాం. మిగిలిన రోజు ఎవరికి మిగిలినట్టు?

"దారిలో గదికి డబ్బు దండగ" అంటారు. పైన సీజన్లో ఒక రాత్రికి ఇచ్చే డబ్బుతో కింద ఊళ్ళో మామూలు గది హాయిగా వస్తుంది. పైన ఒక రాత్రి తగ్గించుకోండి, లెక్క సరిపోతుంది.

గది ఎంచేటప్పుడు కొలను, కొండ వ్యూ, ఇన్‌స్టా ఫోటోలు తర్వాత. ముందు ఫోన్ చేసి అడగాల్సినవి ఇవి: లిఫ్ట్ ఉందా, లేకపోతే కింది అంతస్తులో గది ఇస్తారా? మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి వెస్టర్న్ టాయిలెట్ ఉందా? వేడినీళ్ళు ఎన్ని గంటల వరకు? రాత్రి వంట ఎప్పటిదాకా చేస్తారు, పెరుగన్నం దొరుకుతుందా? కారు ఆవరణ లోపలే పెట్టుకోవచ్చా? డ్రైవర్‌ని తీసుకెళితే అతను పడుకోడానికి మంచం ఇస్తారా, లేక కార్లోనే పడుకోవాలా? ఈ చివరిది మరిచిపోకండి. రేపు ఘాట్ ఎక్కించేది అతనే, అతని నిద్రే మన పిల్లల భద్రత. ఐదు గంటలకల్లా చేరేలా చూసుకుంటే, గది నచ్చకపోయినా ఇంకోటి వెతుక్కునే వెలుగు ఉంటుంది.

ఆఫీసులో రిలీజ్ ముందు ఇరవై సార్లు టెస్టింగ్ చేసే వాళ్ళు, కుటుంబాన్ని కొండెక్కించేటప్పుడు మాత్రం "చూద్దాంలే, దారిలో ఏదో దొరుకుతుంది" అంటే ఒప్పుకోవద్దు. ఈసారి ట్రిప్పు మాట రాగానే సూట్‌కేసులు దించకండి. కాగితం, పెన్ను ఇచ్చి, రాత్రి బస ఉన్న ఊళ్ళ పేర్లు వరసగా రాయమనండి. రాశాకే దించండి.