చెట్టు క్రింద నిలిచినవాని కూలి

మన పూర్వులు ఆంధ్రదేశము విడిచి ఈ దక్షిణదేశమునకు వచ్చిన వృత్తాంతమును, ఇంటిలో తెలుగు నిలుపుకొనవలసిన ఆవశ్యకతను గూర్చి పెద్దలు సంఘపు సంచికలలో వ్రాయుచుందురు. అవి చదువదగినవే. నేను ఎస్.ఎస్.ఎల్.సి. మాత్రము చదివి, గుమాస్తాగా పద్దులు వ్రాసి విశ్రాంతి గైకొన్నవాడను. కనుక ఒక పద్దును గూర్చియే వ్రాసెదను. అది మనలో అనేకుల ఇండ్లలోను, తోపులలోను తప్పుగా వ్రాయబడుచున్నదని నా ఆరోపణ.

మంసాపురము మొదలు రాజపాళయము వఱకు, పడమటి కనుమల అడుగున, మనవారికి మామిడి తోపులు, కొబ్బరి తోపులు కలవు. తోపు లేనివారి పెరటిలోనైనను ఒక వేపయో చింతయో ఉండును. ఆడి మాసపు గాలి కనుమలనుండి దిగకముందే ఇంటి కప్పుపైకి, కరెంటు తీగపైకి వంగిన కొమ్మలను కొట్టించుట మనకు వాడుక. ఆ పనికి ముగ్గురు నలుగురు వత్తురు. ఒకడు చెట్టెక్కును, తక్కినవారు క్రింద నుందురు. సాయంకాలము ఎక్కినవానికి నిండు కూలి, క్రిందివారికి అందులో సగము, కొమ్మలు ఏరిన స్త్రీకి అంతకంటెను తక్కువ. ఎందుకని అడిగినచో, "క్రిందివాడు ఊరక నిలుచుండెను గదా" అని సమాధానము.

ఊరక నిలిచినవాడు ఏమి చేయునో ఒకసారి చూడుడు. పెంకుటింటిపై వంగిన లావు కొమ్మను ఎక్కినవాడొక్కడే దింపలేడు. అతడు కొమ్మకు మోకు కట్టి, దానిని మీది పంగమీదుగా వేసి, కొసను క్రిందికి విడుచును. క్రిందివాడు ఆ కొసను మ్రానునకు ఒకటి రెండు చుట్లు చుట్టి పట్టుకొనును. ఒక చుట్టు హెచ్చినచో పట్టు ఎన్నో రెట్లు హెచ్చును. తగ్గినచో కొమ్మ బరువు మనిషినే ఎత్తుకొనిపోవును. ఎన్ని చుట్లు కావలెనో కొమ్మను చూచి నిర్ణయించువాడు అతడే. పైవాడు మొదట కొమ్మ అడుగున కొంత కోసి, పిమ్మట మీదనుండి కోయును. లేనిచో కొమ్మ చీలి మ్రాను బెరడును ఊడదీయును. కొమ్మ తెగిన క్షణమున మోకును కొంచెము కొంచెముగా విడువవలెను. బిగబట్టినచో ఆ కుదుపు పైవానిని పడద్రోయవచ్చును. త్వరగా విడిచినచో ఇంటి కప్పు పోవును. దారిన పోవు పిల్లలను ఆపుట, రంపము అందించుట, పడినదానిని నఱికి దారి తీయుట కూడ అతని పనులే. పైవాని చూపు కోతమీదనే యుండును. తీగ ఎంత దగ్గఱగా నున్నదో చూచి కేక వేయువాడు క్రిందివాడు.

ఇంగ్లండులో ఇది చెట్ల శస్త్రచికిత్స అను పేర ఒక వృత్తి. అచ్చటి నియమము ప్రకారము ఒంటరిగా నెవ్వరును చెట్టెక్కి పని చేయరాదు. పైవానికి ఆపద కలిగినచో వెంటనే ఎక్కి అతనిని దింపగల నేర్పరి యొకడు క్రింద సిద్ధముగా నుండవలెను. మన ఊళ్ళలో ఆ మనిషినే సగము మనిషి అనుచున్నాము.

నా తప్పును చెప్పుకొందును. కొన్ని సంవత్సరముల క్రిందట మా పెరటి వేపకొమ్మ పొరుగింటి పెంకులపైకి వంగినది. తెగినంతనే అది అనుకొన్నదానికంటె బరువుగా ప్రక్కకు ఊగెను. క్రింది మనిషి మోకు విడువలేదు. కొమ్మ దిగిన తరువాత అతని అఱచేతులు చూచితిని, తోలు లేదు. "విడువరాదా?" అంటిని. "విడిచినచో పైనున్నవాడు ఏమగును, అయ్యా?" అని తమిళములో అనెను. ఇంత చూచియు, సాయంకాలము వాడుక ప్రకారము సగమే ఇచ్చితిని. ఆ చేతులతో నోట్లు లెక్కపెట్టలేక, ఎక్కినవానికిచ్చి లెక్కపెట్టించుకొనెను.

నేను పనిచేసిన ఒక కార్యాలయములో చెట్టు నఱికిన ఖర్చు ఒకే పంక్తిగా వ్రాయుచుంటిమి: మేస్త్రీ పేరు, మొత్తము, సంతకము. ఒక యేట కొమ్మ పడి క్రింది మనిషి భుజము విఱిగెను. అతని భార్య వచ్చి మొఱపెట్టుకొనగా, అధికారి నన్ను పిలిచి "ఇతని పేరు ఏ పద్దులో నున్నది?" అని అడిగిరి. లేదని చెప్పితిని. ఆ పద్దు వ్రాసినది నేనే. ఆమె వట్టిచేతులతో మఱలిపోయెను.

చట్టము ఈ భేదమును చేయలేదు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టపు పట్టికలో చెట్లు కొట్టు పనివారును చేరియుండిరి; మీదివాడు, క్రిందివాడు అను మాట అందు లేదు. ఒకే విధమైన పనికి స్త్రీకి తక్కువ ఇయ్యరాదని 1976లోనే శాసించిరి. ఆ చట్టములు 2019, 2020 సంవత్సరముల కార్మిక స్మృతులలో కలిసినవి. కాని పేరే వ్రాయని మనిషికి ఏ చట్టమును అందదు.

2011లో కొబ్బరి అభివృద్ధి మండలి యువకులకు యంత్రముతో చెట్టెక్కుట నేర్పుటకు "కొబ్బరి చెట్టు స్నేహితులు" అను శిక్షణ మొదలుపెట్టెను. చాల మంచిపని. కాయలు ఏరి, మట్టలు లాగి, బండికెత్తువారికి స్నేహితులెవరు? 2018 నవంబరులో గజ తుఫానునకు తంజావూరు ప్రాంతమున లక్షలకొలది కొబ్బరి చెట్లు కూలినవి. కూలిన చెట్టుకు ఎక్కువాడు అక్కరలేదు. కోసి, లాగి, దారి తీయుట అంతయు నేలమీది పనియే.

"ఎక్కినవాడు ప్రాణము పణముగా పెట్టుచున్నాడు" అందురు. నిజము, అతనికి హెచ్చు ఇయ్యవలదని నేననను. ఐనను తెగిన కొమ్మ క్రిందికే పడును గదా! "ఆ పని ఎవడైనను చేయును" అనువారిని మోకు పట్టిచూడుడని కోరెదను. నేనొకసారి పట్టి, రెండు నిమిషములలో తిరిగి ఇచ్చివేసితిని. చదువుకొన్నవారి మాట వేఱు: "మేము మేస్త్రీకి మొత్తముగా ఇచ్చితిమి, పంపకము వారి యిష్టము." ఇది నాకు అన్నిటికంటె రోతగా తోచును. గుత్త మాటలాడునపుడు వందకును రెండువందలకును బేరమాడి తగ్గించినది మనమే. ఆ తగ్గింపు పైవాని వాటానుండి పోదని మనకు తెలియును.

1949 నుండి 1952 వఱకు మదరాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా నుండిన పి.ఎస్. కుమారస్వామి రాజాగారు రాజపాళయములోని తమ యింటిని గాంధీ కలై మన్ఱమునకు ఇచ్చివేసిరని మనము గర్వముతో చెప్పుకొందుము. మనలను ఎవరును ఇల్లు అడుగుట లేదు. క్రింది మనిషికి పైవాని కూలిలో ముప్పాతికకు తగ్గకుండ ఇండు. స్త్రీకి ప్రక్కనున్న పురుషునితో సమముగా ఇండు. ఎవరి కూలి వారి చేతికే ఇచ్చి, పేరు వ్రాసికొనుడు. గాయమైనచో వైద్యుని ఖర్చు చెట్టు గలవారిదే.

ఈ యేడు ఆడికి ముందు మా చింతచెట్టు కొమ్మలు ఇట్లే కొట్టించితిని. రేటు చెడగొట్టుచున్నానని ప్రక్కవీధి బంధువులిద్దఱు నాతో మాటలాడుట మానిరి. నాడు వేపకొమ్మ దింపిన మనిషికై విచారించితిని. పని వెదకికొనుచు తిరుప్పూరు పోయెనట. అతనికి నేనియ్యవలసినది ఇంకను నా వద్దనే యున్నది.