విచారణయు విశ్వాసమును

విశ్వాసముగలవారు ప్రశ్నింపరాదనియు, ప్రశ్నించువారికి విశ్వాసము లేదనియు చెప్పుట మన గృహములందు తఱచుగ వినబడుచుండును. క్రైస్తవ కుటుంబములందును ఈ మాటకు కొదువ లేదు. బాలిక తల్లిని చేరి, "అమ్మా! ఇది యెట్లు పొసగును?" అని యడిగినచో, "దేవుని విషయమున నోరెత్తకుము" అని గద్దించుటయే భక్తియని తలంచువారు కలరు. అది భక్తియో, భయమో యోచింపవలసియున్నది.

క్రైస్తవుల వేదగ్రంథమే యీ భయమును సమర్థింపదు. బెరయ పురవాసులు పౌలు బోధ నాసక్తితో వినియు, అది సత్యమగునో కాదోయని ప్రతిదినము లేఖనములను పరిశోధించిరి. అందుకై అపొస్తలుల కార్యములను గ్రంథము వారిని నిందింపక మెచ్చుకొనుచున్నది. గాయములను చూడక నమ్మజాలనన్న తోమాను యేసు వెడలగొట్టలేదు. చేయి చాపి చూడుమనెను. చూడక నమ్మినవారు ధన్యులని పిమ్మట చెప్పినమాట నిజమే. కాని యడిగినవానికి ముందుగా సమాధానము దొరకెను.

ఈ విషయమున పండిత రమాబాయి చరిత్రము మిక్కిలి ఉపదేశకరము. ఆమె 1858వ సంవత్సరమున జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే లోకుల యాక్షేపణను లెక్కింపక భార్యకు సంస్కృతము నేర్పెను. ఆ తల్లి కూతునకు నేర్పెను. 1878లో కలకత్తా పండితులు రమాబాయి విద్యకు మెచ్చి "సరస్వతి" యను బిరుదము నొసగిరి. 1882లో భర్త మరణించెను. మరుసటి యేట పసిబిడ్డయగు మనోరమతో ఆంగ్లదేశమున కేగి, ఆ సెప్టెంబరునందే వాంటేజి యను నూర బాప్తిస్మము పొందెను.

ఇక నామె చెప్పినది వినుటయే తరువాయి యని ఆశ్రయమిచ్చిన సన్యాసినులు తలంచిరి. ఆమెకట్లు తోపలేదు. త్రిత్వసిద్ధాంతమునకు గ్రంథమునం దాధారమేదనియు, అథనేసియసు పేర వాడుకలోనున్న విశ్వాసప్రమాణము నేల యొప్పుకొనవలెననియు అడిగెను. సోదరి జెరాల్డీను దీనిని గర్వమనెను. పూర్వపు పురోహితుల కాడిని ఎంతయో శ్రమపడి వదల్చుకొన్న తాను మఱియొక కాడిని మెడపై నెత్తుకొనజాలననియు, తనకును మనస్సాక్షియు వివేకమును కలవనియు రమాబాయి 1885లో బదులు వ్రాసెను. చెల్టెన్‌హాము బాలికల కళాశాలాధ్యక్షురాలగు డొరోతియా బీలు మాత్ర మామెను గద్దింపక, ప్రశ్నలకు ఓర్పుతో లేఖలు వ్రాయుచుండెను.

ఇన్ని ప్రశ్నలడిగిన యామె మతమును వీడెనా? వీడలేదు. అయినను తర్కమొక్కటియే తన్ను గమ్యము చేర్చెనని యామె చెప్పికొనలేదు. తనకు క్రైస్తవమతము లభించినదిగాని క్రీస్తు ఇంకను లభింపలేదని కొన్నియేండ్ల కామెయే గుర్తించెను. 1891 ప్రాంతమున నామె హృదయమునకు శాంతి కలిగెను. విచారణ యామెను అసత్యమునకు తలయొగ్గకుండ కాపాడినది. ప్రార్థన యామెకు నిలుకడ నిచ్చినది.

ఆ విచారణబుద్ధి సేవలోను కనబడెను. 1889లో బొంబాయిలో శారదాసదనమును, పిమ్మట కేడగాములో ముక్తిసదనమును స్థాపించి, వితంతువులను అనాథలను పోషించి చదివించెను. అప్పటి మరాఠీ బైబిలు సామాన్య స్త్రీలకు బోధపడుట లేదని గ్రహించి, తాను హెబ్రీ గ్రీకు భాషలు నేర్చి, మూలమునుండి సులభమైన మరాఠీలోనికి అనువదించెను. ముక్తిసదనపు స్త్రీలే యక్షరములు కూర్చి దానిని ముద్రించిరి. ఆమె 1922లో మరణించెను.

అడుగువారందఱు ఒక్కరీతివారు కారు. పరిహాసమునకు అడుగువారును కలరు. అట్టివారు సమాధానమునకై వేచియుండరు. తెలిసికొనగోరి యడుగు బిడ్డ వేచియుండును. ఆ బిడ్డను గద్దించినచో ప్రశ్న నశింపదు. తల్లియొద్ద చెప్పుకొనుట మాత్రము నశించును. కావున గ్రంథమును తెఱచి బిడ్డతో కూడ చదువుడు. తెలియనిచోట తెలియదని చెప్పుటకు సిగ్గుపడకుడు. తల్లి నిజము పలుకునని యెఱిగిన బిడ్డ, ఆమె దేవునిగూర్చి చెప్పు మాటను సైతము శ్రద్ధతో వినును.