త్రవ్వకుండ దొరకు నిధి

కడప జిల్లా పులివెందుల ప్రాంతమందలి వేములనుండి ఒక సోదరి వ్రాసిన జాబు గత నెలలో మాకు చేరినది. ఆమెకు పదునాలుగేండ్ల కుమార్తెయు, పదునొకండేండ్ల కుమారుడును గలరు. బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్న ఆమె మఱిది సంక్రాంతికి వచ్చి, పిల్లలకు జియోకాషింగు అను క్రొత్త ఆట నేర్పి వెళ్ళెనట. ఎవరో ఒకచోట చిన్నపెట్టె దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశములను ప్రకటింతురు. తక్కినవారు చేతిఫోనులోని జి.పి.యస్. యాప్ సాయమున ఆ చోటికి పోయి, పెట్టెను వెదకి, అందలి పుస్తకములో పేరు వ్రాసి, మరల పెట్టెను ఉన్నచోటనే ఉంచి రావలెను. ఆట ఇంతియే. అత్తగారు మాత్రము "నిధి వేట" యను మాట చెవిని పడగానే మండిపడిరట. "గుళ్ళు పెకలించువాండ్ల పని మన పిల్లలకేల?" అని వారి ప్రశ్న. తుదకు ఇంటిలో జరిగిన తీర్పేమనగా, పిల్లవాడు పోవచ్చును, పిల్ల పోరాదు! ఈ తీర్పు న్యాయమేనా యని ఆ సోదరి మమ్ము అడుగుచున్నది. రెండు పంక్తులలో తేలు విషయము కాదు గనుక ఈ నెల మా పుటను దీనికే విడిచితిమి.

ముందుగా అత్తగారి మాట. ఆమె కోపము ఊరక పుట్టినది కాదు. రాయలసీమలో పాడుపడిన గుడి గాని, కోట గాని యున్నచోటనెల్ల గుప్తనిధులున్నవను వదంతి యుండనే యున్నది. ఆ వదంతిని నమ్మి అర్ధరాత్రమున గునపములతో వచ్చువారు విగ్రహమునే పెకలించి, పీఠము క్రింద గోతులు త్రవ్వి పోవుటయు జరుగుచున్నది. వారికి నిధి దొరకునో లేదో గాని ఊరివారికి గుడి పోవును. ఇట్టివి కన్నులార చూచిన పెద్దలకు "నిధి" యనగానే ఒడలు మండుట సహజము. చట్టమును వారి పక్షమే. 1878లో చేసిన నిధుల చట్టము ప్రకారము భూమిలో దాగియుండి దొరకిన వస్తువు విలువ 10 రూపాయలకు మించినచో కలెక్టరుగారికి తెలుపవలెను. నాటి పది రూపాయలకును నేటి పది రూపాయలకును గల భేదమును తలచుకొన్నచో నవ్వు వచ్చును.

అయితే ఈ క్రొత్త ఆటకును ఆ దొంగత్రవ్వకమునకును పేరులో దప్ప పోలిక లేదు. ఇందులో గునపము నిషిద్ధము. పెట్టెను భూమిలో పూడ్చరాదు, వెదకువాడు నేలను త్రవ్వరాదు. రాతిసందులోనో, చెట్టుతొఱ్ఱలోనో, మోటుగోడ ప్రక్కనో దాచవలెను. స్థలము గలవారి అనుమతి ముందుగానే పొందవలెను. పెట్టెలోని వస్తువు నొకదానిని తీసికొన్నచో దానికి సమానమైనదియో, అంతకు మించినదియో అందుంచవలెను. తీసికొనకున్నను తప్పు లేదు. పేరు వ్రాసి వచ్చుటయే ముఖ్యము. ఒకడు దోచుకొని పోవు నిధి కాక, వచ్చినవారందఱు చూచి మరల అక్కడనే ఉంచిపోవు నిధి యిది. అత్తగారికి ఈ మాట చెప్పి చూడుడని ఆ సోదరిని కోరుచున్నాము.

ఈ ఆట పుట్టిన తీరు చిత్రమైనది. అమెరికా ప్రభుత్వము జి.పి.యస్. సంకేతములలో సామాన్యజనుల కొఱకై బుద్ధిపూర్వకముగా కొంత తప్పు కలిపి పంపుచుండెడిది. అందువలన చోటు గుర్తించుటలో సుమారు 100 మీటర్ల వఱకు తేడా యుండెడిది. 2000 సంవత్సరము మే 2వ తేదీన ఆ కల్తీని మానివేసిరి. మరునాడే డేవ్ ఉల్మర్ అనునాయన, నిజముగా ఎంత సరిగా పనిచేయునో చూతమని, ఆరెగాన్ రాష్ట్రములో బీవర్‌క్రీక్ దగ్గర అడవిలో ఒక బకెట్టు పెట్టి దాని అంకెలను ప్రకటించెను. అందులో పుస్తకములు, ఒక ఉండేలు, ఒక చిక్కుడుగింజల డబ్బా మొదలగునవి యుండెను. మూడు దినములలోనే ఇద్దఱు దానిని కనుగొనిరి. ఆ మొదటి బకెట్టు సగము పూడ్చబడియే యుండెను! పూడ్చరాదను నియమము పిమ్మట వచ్చినది. తినుబండారములు పెట్టరాదను నియమమును పిమ్మటిదే. ఈ రెండవదాని కారణము మన సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. చీమలు పట్టిన బెల్లపు డబ్బాను చూడని గృహిణి యెవరు? నేడు లోకమంతట ఇట్టి పెట్టెలు 30 లక్షలకు పైగా గలవు. మన దేశములో మాత్రము ఈ ఆట ఇంకను పలుచగనే యున్నది.

ఇక ఫోను చోటును ఎట్లు తెలిసికొనును? భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున 30కి పైగా జి.పి.యస్. ఉపగ్రహములు తిరుగుచున్నవి. ప్రతిదానియందును పరమాణు గడియారముండును. "నేను ఫలానిచోట నున్నాను, ఇప్పుడు కాలము ఇంత" అని అవి ఎడతెగక చాటుచుండును. మెఱుపు కనబడిన పిదప ఉఱుము వినబడువఱకు లెక్కించి పిడుగు ఎంతదూరమున పడినదో మన అవ్వలు చెప్పెడివారు గదా. ఫోను చేయునదియు దాదాపు అదే. సంకేతము వచ్చుటకు పట్టిన కాలమును లెక్కించి ఆ ఉపగ్రహము ఎంత దూరమో కనుగొనును. ఇట్లు నాలుగు ఉపగ్రహముల మాట విన్నచో తానున్న చోటు తేలును. కాలములో సెకనునందు పదిలక్షలవ వంతు తప్పినను చోటు 300 మీటర్లు తప్పును. అందుచేతనే అంత సూక్ష్మమైన గడియారములు కావలసివచ్చినవి. మన దేశమును స్వంతముగా నావిక్ అను ఉపగ్రహముల వరుసను ఏర్పఱచుకొన్నది. అందు మొదటిది 2013 జూలై 1వ తేదీన మన శ్రీహరికోటనుండియే ఎగసినది.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలెను. ఉపగ్రహము మనలను చూచుచున్నదని పలువురు భయపడుదురు. ఫోను ఈ పనిలో వినునదే గాని పలుకునది కాదు. సిమ్ములో డబ్బు లేకున్నను, గుట్టల నడుమ సిగ్నలు లేకున్నను జి.పి.యస్. పనిచేయును. పటమును మాత్రము ఇంటినుండి బయలుదేరుటకు ముందే ఫోనులోనికి దింపుకొనవలెను. భయపడవలసినది ఉపగ్రహమునకు కాదు. మన చోటును నలుగురికి చాటు కొన్ని యాప్‌లకు భయపడవలెను. ఏ యాప్‌నకు చోటు తెలిసికొను అనుమతి యిచ్చితిమో ఫోనులోని అమరికలలో చూచి, అక్కఱలేనివాటికి తీసివేయుట ఆడపిల్లలున్న ప్రతి యింట జరుగవలసిన పని.

చోటును అంకెలలో కొలుచుట ఆ సీమకు క్రొత్త కాదు. లాంబ్టన్ దొర 1802లో మద్రాసు దగ్గర ఆరంభించిన గొప్ప భూకొలతలో ఉత్తర దక్షిణములుగా సాగిన ముఖ్యరేఖ సుమారు 78 డిగ్రీల రేఖాంశము వెంబడి, అనగా పులివెందుల సీమకు కొద్దిగా పడమరగా, పోయినది. గుత్తి దగ్గర 1811లో ఆయన ఆధారరేఖను కొలిచెను. ఆయన వాడిన థియోడొలైటు యంత్రము అరటన్ను బరువు. దానిని మోసి కొండలెక్కించుటకు ఎందఱు కూలీలు చెమటోడ్చిరో! ఆ యంత్రము చేసిన పనిలో కొంత నేడు పదునాలుగేండ్ల పిల్ల అరచేతిలోనికి వచ్చియుండగా, ఆమె దానిని పట్టరాదనుట మాకు వింతగ తోచుచున్నది.

అంకెలు చదువుటలో ఒక చిక్కు గలదు. అందు మేమే పడితిమి. గత వేసవిలో పులివెందుల దగ్గరి బంధువుల ఊరిలో పిల్లలకొఱకు మేము ఒక చిన్న డబ్బా దాచి, పటమునుండి అంకెలను చీటిపై దింపి యిచ్చితిమి. ఆ పటము డిగ్రీలను దశాంశములలో చూపును. జియోకాషింగు యాప్‌లలో డిగ్రీలు, నిమిషములు వేఱువేఱుగా నుండును. మేము వ్రాసిన 14.36 డిగ్రీలను పిల్లలు 14 డిగ్రీల 36 నిమిషములని ఎక్కించిరి. నిజమునకు అది 14 డిగ్రీల 21.6 నిమిషములు. అక్షాంశములో ఒక్క నిమిషము 1,852 మీటర్లు గనుక, పెరటిలోని మా డబ్బా ఉత్తరముగా 26 కిలోమీటర్లకు పైగా ఎగిరిపోయినది! వారు మమ్ము చూచి నవ్విన నవ్వు ఇంకను మా చెవులలో నున్నది. ఏ పద్ధతిలో వ్రాసితిమో చీటిపైననే తెలుపుట మేలు.

అంకెలు సరిగా నున్నను ఫోను మనలను పెట్టె ముందు నిలబెట్టదు. ఆరుబయట కూడ నాలుగైదు మీటర్ల తేడా సామాన్యము. గండికోట వంటి లోయలలో సంకేతములు రాతిగోడలకు తగిలి మరలి వచ్చుటచే ఇంకను తప్పును. కావున దగ్గరకు పోగానే ఫోనును సంచిలో వేసి కన్నులతో వెదకవలెను. అన్నట్లు గండికోట పురావస్తుశాఖ రక్షణలోనిది. అచ్చట పెట్టె దాచు తలంపే వలదు. బస్సుస్టాండులలోను, దేవాలయములలోను, రైలుస్టేషనులలోను ఒంటరిగానున్న డబ్బా జనులకు భయహేతువగును గాన అచ్చటను కూడదు.

వేములకు ప్రత్యేకముగా చెప్పవలసిన జాగ్రత్త ఒకటి గలదు. ఫోనులోని బాణము కాకి ఎగురు దారిని చూపునే గాని నడుమనున్న దిగుడుబావిని గాని, కంపచెట్లను గాని ఎఱుగదు. ఆ ప్రాంతము ముగ్గురాయి గనుల సీమ. త్రవ్వి విడిచిన గోతులలో నీరు నిలిచియుండును, అంచులు విఱిగిపడును. తుమ్మలపల్లె యురేనియం గనియు ఆ మండలములోనిదే. గనుల హద్దుల దరిదాపులకు పిల్లలను పోనీయరాదు. ఈ విషయమున అత్తగారు ఎంత కఠినముగా నున్నను మేము ఆమె పక్షమే. అయితే గోతికి ఆడ మగ భేదము తెలియదు. పిల్లకు తగని చోటు పిల్లవానికిని తగదు.

పెట్టె లేకుండనే ఆడు పద్ధతి కూడ ఒకటి గలదు. దానిని ఎర్త్‌కాష్ అందురు. ఆ పేరుతో 2004 నుండి అమెరికా భూగర్భశాస్త్ర సంఘము సహకారమున నడచుచున్నది. చూడదగిన రాయి గాని, కొండ గాని, వాగు గాని యున్నచోటి అంకెలను ఇచ్చి, అక్కడికి పోయి చూచినగాని చెప్పలేని ప్రశ్న నొకదానిని అడుగుదురు. వేముల సీమకు ఇంతకన్న తగిన ఆట లేదు. సమీపమందలి వేంపల్లె పేరుతో భూగర్భశాస్త్రజ్ఞులు పిలుచు సున్నపురాతి పొరలు 180 కోట్ల సంవత్సరములకు పైబడినవి. ఆ రాళ్ళపై ఉల్లిపొరలవలె ఒకదానిలో నొకటి యిమిడిన వలయములు అచ్చటచ్చట కనబడును. కంటికి కనరాని సూక్ష్మజీవులు నాటి సముద్రములో పొరపై పొరగా కట్టిన గూళ్ళవి. స్ట్రోమటొలైటులని వాటికి పేరు. బండపై నిలిచి "ఒక వలయములో పొరలెన్ని?" అని తల్లి అడిగినచో చాలును. రాతిని మాత్రము పగులగొట్టి ఇంటికి తేరాదు.

ఇప్పుడు ఆ తీర్పు సంగతి. పిల్లవాడు పోవచ్చును, పిల్ల పోరాదనుటకు కారణము ఆట కాదు, బయటి లోకమునకు జంకుట. ఆ జంకు నిరాధారమని మేమనము. కాని దారి తెలియని పిల్ల దారి తెలిసిన పిల్లకన్న క్షేమముగా నుండునా? మా యెఱుకలోని ఒక ఇంట నిరుడు అర్ధరాత్రమున కోడలికి నొప్పులు వచ్చినవి. మగవారు ఊర లేరు. 108 వాహనమును పిలిచిరి. తోటలోని ఆ ఇల్లు ఎక్కడని అవతలివారు మాటిమాటికి అడుగుచుండగా పెద్దలు "చింతమాను దాటి, పెద్దగట్టు ఎక్కి" అని చెప్పుచుండిరి. ఆ చింతమాను వాహనము నడపువాని కేమి తెలియును? తొమ్మిదవ తరగతి చదువు ఆడబిడ్డ ఫోను తెఱచి అంకెలను చదివినది. ఆనాటినుండి ఆ ఇంటి వంటగదిలో క్యాలెండరు ప్రక్కన ఆ అంకెలు బొగ్గుతో వ్రాసియున్నవి. మేము స్వయముగా చూచితిమి.

కావున వేముల సోదరికి మా సలహా యిది. మొదటి ఆటను మీ పెరటిలోనో, మీ స్వంత చేనులోనో పెట్టుడు. దానికి ఎక్కడను పేరు నమోదు చేయ నక్కఱలేదు. గట్టి మూత గల చిన్నడబ్బా, ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు చాలును. కలమైనచో ఎండకు సిరా ఎండిపోవును. డబ్బాను మీరు దాచుడు. ఫోను కుమార్తె చేతిలో నుండవలెను. తమ్ముడు వెంట నడచి కన్నులతో వెదకును. మరుసటి వారము పిల్ల దాచవలెను, మీరు వెదకవలెను. మాఘము దాటినచో ఆ సీమ ఎండలు ఓర్వరానివి గనుక తెల్లవాఱగనే బయలుదేరి తొమ్మిది గంటలకెల్ల ఇల్లు చేరుడు. చెప్పులు, నీళ్ళసీసా మఱువవలదు. రాతిసందులో చేయి పెట్టుటకు ముందు కఱ్ఱతో తట్టవలెను. తేళ్ళకు ఆ సందులే ఇండ్లు. ఊరు దాటి పోవునప్పుడు పెద్దవారొకరు వెంటనుండవలెను, పిల్లకును పిల్లవానికిని కూడ.

అత్తగారిని విడిచిపెట్టవద్దు. పెట్టె వెదకువారికి ఒక చిన్న సూచన వ్రాసియిచ్చు ఆచారము ఈ ఆటలో గలదు. ఊరిలో ఏ బండ కే పేరు, ఏ గట్టున ఏ మాను ఉండెడిది, ఏ బావి ఎప్పుడు పూడినది అను సంగతులు ఆమెకు తెలిసినట్లు ఏ యాప్‌నకు తెలియును? సూచనలు ఆమె చెప్పగా పిల్ల వ్రాయవలెను. ఆ సూచనలలో రెండింటినైన మాకు పంపినచో వచ్చు సంచికలో ఈ పుటలోనే ప్రకటింతుము. అంకెలు మాత్రము పంపవలదు.