హామీ సంతకం

మొన్న ఉగాది విందులో, పులిహోర పళ్ళేలు పట్టుకుని నిలబడ్డ నలుగురి మధ్య ఒక మిత్రుడు సంతోషంగా చెప్పారు: "మావాడికి గ్రాడ్యుయేషన్ బహుమతిగా మోటారు సైకిలు కొనిస్తున్నామండీ. వెయ్యి సీసీది. వాడి ముచ్చట కాదనడం ఎందుకు?" అందరూ అభినందించారు. నేను మాత్రం ఆ మాట అనలేకపోయాను. నోరు విప్పితే విందు పాడవుతుందని ఊరుకున్నాను. అలా ఊరుకోవడం తప్పని ఇంటికి వచ్చాక తోచింది. అందుకే ఈ వ్యాసం. కటువుగా ఉంటే మన్నించండి గాని, చివరిదాకా చదవండి.

నేను చెప్పదలచింది ఒక్కటే. ఇంతటి శక్తి గల మోటారు సైకిళ్ళు పదిమంది తిరిగే రోడ్లకు తగినవి కావు. వాటిని మన పిల్లల చేతికి అందిస్తున్నది అంగడివాడు కాదు, మనమే.

"మన కాలేజీ రోజుల్లో మనం నడపలేదా?" అంటారు. నడిపాం. కాకినాడలో మెడిసిన్ చదివేటప్పుడు నాకూ ఒక స్ప్లెండర్ ఉండేది. దాని ఇంజను నూరు సీసీకి కొంచెం తక్కువే. ముగ్గురం ఎక్కితే మూలిగేది. ఇప్పుడు మనం మాట్లాడుతున్న బండికి రమారమి 200 గుర్రాల బలం. మన ఇంటి ముందున్న కాంరీ బలమూ ఇంచుమించు అంతే. కాని కాంరీ బరువు 1500 కిలోలు, ఈ బండి బరువు 200 కిలోలు. మూడు సెకన్లలో అరవై మైళ్ళ వేగం అందుకుంటుంది. 1999లో సుజుకీ వారి హయబూసా వచ్చాక పోటీ ఎంత ముదిరిందంటే, తయారీదారులే తమలో తాము ఒక అంగీకారానికి వచ్చి గంటకు 300 కిలోమీటర్ల దగ్గర కళ్ళెం వేసుకున్నారు. అంటే 186 మైళ్ళు. అమెరికా మొత్తంమీద అత్యధిక వేగ పరిమితి మన టెక్సాస్‌లోనే, 130 నంబరు రోడ్డు మీద ఉంది. అది 85 మైళ్ళు. మిగిలిన నూరు మైళ్ళు ఎక్కడ ఖర్చు పెట్టడానికి?

"మావాడు జాగ్రత్తపరుడు" అనేది రెండో మాట. కావచ్చు. కాని రోడ్డు మీద ఉన్నది వాడొక్కడే కాదు. 1981లో లాస్ ఏంజిల్స్ ప్రమాదాలపై వచ్చిన హర్ట్ నివేదిక ఏం తేల్చిందో చూడండి. మోటారు సైకిలూ మరో వాహనమూ ఢీకొన్న కేసుల్లో సుమారు మూడింట రెండు వంతులు, ఆ రెండో వాహనం వాడు దారి ఇవ్వకపోవడం వల్ల జరిగినవే. మనిషి కంటికి చిన్న వస్తువు ఉన్నదానికంటె దూరంగా, నెమ్మదిగా వస్తున్నట్టు కనిపిస్తుంది. ఎదురుగా వచ్చే ఒంటి దీపాన్ని చూసి "ఇంకా టైముంది" అనుకుని ఎడమకు తిప్పుతారు. బండి మామూలుదైతే ఆ లెక్క ఒక్కోసారి సరిపోతుంది. రెప్పపాటులో వేగం అందుకునే బండి విషయంలో ఎవరి లెక్కా సరిపోదు. నేర్పు మనవాడిదే కావచ్చు, లెక్క ఎదుటివాడిది.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెబుతున్నది కాదు. మా పిన్ని కొడుకు చదువు పూర్తిచేసి, ఉద్యోగంలో చేరి, ఇక్కడ ప్లేనోలోనే మా ఇంటికి దగ్గరలో ఉండేవాడు. "అన్నయ్యా, నాకింకా క్రెడిట్ లేదు, బండి లోనుకు హామీ సంతకం పెట్టు" అన్నాడు. ఆరువందల సీసీ బండి. హెల్మెట్ పెట్టుకుంటానని మాట తీసుకుని సంతకం పెట్టాను. పెద్ద బాధ్యత నిర్వర్తించినట్టు అనుకున్నాను కూడా. నాలుగు నెలల తర్వాత ప్రెస్టన్ రోడ్డు మీద, సిగ్నలు దాటి ఊపందుకుంటూండగా, ఎదురుగా వచ్చిన కారు ఒక ప్లాజాలోకి తిరిగింది. ఆ కారు నడిపిన ఆవిడ దూరంగా దీపం చూశానని చెప్పింది. అబద్ధం చెప్పిందనుకోను.

మావాడు మాట తప్పలేదు. హెల్మెట్ పెట్టుకున్నాడు, తలకు ఏమీ కాలేదు. కాని భుజం మీద పడ్డాడు. అలా పడినప్పుడు భుజం ఒకవైపు, మెడ మరోవైపు లాగబడి, వెన్నుపాము నుంచి చేతికి వెళ్ళే నరాలు వేళ్ళతో సహా ఊడివస్తాయి. దీన్ని బ్రేకియల్ ప్లెక్సస్ గాయం అంటాం. వేరు నుంచి ఊడిన నరాన్ని తిరిగి అక్కడే కుట్టి బాగుచేసే విద్య మా దగ్గర లేదు. వేరే నరాలను మళ్ళించి కొంత కదలిక తెప్పించగలరు, అంతే. కుడిచెయ్యి వేలాడుతుంది. స్పర్శ లేని ఆ చెయ్యే రాత్రిళ్ళు నిప్పుల్లో పెట్టినట్టు మండుతుంది. హెల్మెట్ తప్పక పెట్టుకోవలసిందే. 2021లో హైదరాబాదులో సాయిధరమ్ తేజ్ ప్రాణాన్ని నిలబెట్టింది అదే. కాని హెల్మెట్ ఉంది గదా అని బండి కొనివ్వడం, గొడుగుంది గదా అని పసివాణ్ణి వరదలోకి పంపడం వంటిది.

"కార్లలో చావడం లేదా?" అనేది ఇంకో మాట. చస్తున్నారు. అయితే 2022 ప్రభుత్వ లెక్కల ప్రకారం, తిరిగిన మైలుకు చూస్తే, కారులో వారికంటె మోటారు సైకిలు మీద చనిపోయేవారు సుమారు 22 రెట్లు. అందులోనూ రేసు తరహా బండ్ల మరణాల రేటు మామూలు బండ్లకంటె దాదాపు నాలుగు రెట్లని హైవే భద్రతపై ఇన్సూరెన్సు సంస్థల పరిశోధనా కేంద్రం 2007లోనే చెప్పింది.

చట్టం చూసుకుంటుందిలే అనుకోకండి. యూరపులో కుర్రవాళ్ళు చిన్న బండితో మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి మెట్లెక్కి పెద్ద బండికి చేరాలి. ఇక్కడ వారాంతపు కోర్సులో చిన్న బండి మీద నేర్చుకున్నవాడు, లైసెన్సు చేతికి రాగానే వెయ్యి సీసీది కొనవచ్చు. 21 ఏళ్ళు నిండి, ఆరోగ్య బీమా ఉంటే హెల్మెట్ కూడా అక్కర్లేదు. మన దేశంలోనూ గేర్ల బండి లైసెన్సు నూరు సీసీకైనా వెయ్యి సీసీకైనా ఒక్కటే. 2011లో హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీద వెయ్యి సీసీ బండి అజారుద్దీన్ గారి 19 ఏళ్ళ కొడుకును, వెనక కూర్చున్న బంధువుల పిల్లవాణ్ణి బలితీసుకుంది. అంతకుముందు 2003లో బాబూమోహన్ గారు, 2010లో కోట శ్రీనివాసరావు గారు మోటారు సైకిలు ప్రమాదాల్లోనే కొడుకులను పోగొట్టుకున్నారు. ఆ తండ్రులను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. నేను వారికంటె తెలివైనవాణ్ణేమీ కాదు. పేరూ డబ్బూ పలుకుబడీ, ఏవీ అక్కడ అడ్డుపడలేదని గుర్తుచేస్తున్నాను.

"ఇరవై ఏళ్ళవాడు, వాడి ఇష్టం" అని చివరగా అంటారు. నిజమే. తన సంపాదనతో కొనుక్కుంటే ఆపే హక్కు మనకు లేకపోవచ్చు. కాని బహుమతి వాడి హక్కు కాదు, హామీ సంతకం అంతకంటె కాదు. వేగమే ముచ్చటైతే ఫోర్ట్‌వర్త్ అవతల క్రెసన్‌లో రేసు ట్రాకు ఉంది. అక్కడ ఎదురుగా వచ్చే కారు ఉండదు. చిన్న బండితో అక్కడ నేర్చుకొమ్మనండి. అలుగుతాడు, అలగనివ్వండి. అలిగిన పిల్లవాడు పూట గడిచాక అన్నానికి వస్తాడు.

మావాడు ఇప్పుడు ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఫోను చేసినప్పుడు పిన్నీ అనలేదు. బండి తుక్కయింది. లోను కాగితం మీద నా సంతకం మాత్రం చెక్కుచెదరలేదు.

విందులో ఆ శుభవార్త చెప్పిన మిత్రునికి ఈ పత్రిక చేరేలోగా నేనే ఫోను చేస్తాను. మిగతా వారికి ఇదే నా మనవి. ఆ సంతకం పెట్టకండి.