పట్నం తాగితేనే నీళ్లా?

శంషాబాద్ మండలం పెద్దషాపూర్ పేరు పర్యావరణ చట్టం చదివే విద్యార్థులకు బాగా తెలుసు. మన రైతుల్లో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. 1995లో ఒక కంపెనీ అక్కడ ఆముదం నూనె నుంచి రసాయనాలు తీసే ఫ్యాక్టరీ పెట్టడానికి భూమి కొన్నది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు పది కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలు ఉండొద్దని 1996 మార్చి 8న ప్రభుత్వమే 111 జీవో తెచ్చింది. ఏడాది తిరిగాక అదే ప్రభుత్వం ఆ ఒక్క కంపెనీకి మినహాయింపు ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకోలేదు. హైకోర్టులో కంపెనీ గెలిచింది, మండలి సుప్రీంకోర్టుకు పోయింది. 1999లో ఒకసారి, 2000లో మరోసారి తీర్పు వచ్చింది. మినహాయింపు చెల్లదన్నారు. అంతకన్నా పెద్ద మాట ఇంకొకటి అన్నారు: నీళ్లు పాడవుతాయని రుజువు చేయాల్సింది ఊరివాళ్లు కాదు, పాడు కావని రుజువు చేయాల్సింది ఫ్యాక్టరీ పెట్టేవాడు.

తీర్పు మన మండలంలో పుట్టింది. కానీ అది కాపాడింది పట్నం తాగే చెరువును. మన బోరును ఆనాడూ ఎవరూ తలచుకోలేదు, ఈనాడూ తలచుకోవడం లేదు.

ఈ సంగతి ఇప్పుడు ఎత్తడానికి కారణం ఉంది. పశువుల షెడ్లు, కోళ్ల షెడ్లు, పందుల షెడ్లు పెద్దవవుతున్నాయి. 2021లో సవరించిన నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద పందుల యూనిట్‌కు యాభై శాతం సబ్సిడీ, ముప్పై లక్షల రూపాయల దాకా ఉంది. రైతు బిడ్డ పందుల ఫారం పెట్టుకుంటే సంఘానికి అభ్యంతరం ఏముంటుంది? తరతరాలుగా పందులు మేపుకుని బతుకుతున్న ఎరుకల కుటుంబాల జోలికి పోయేవాళ్లకు కూడా సంఘం తోడు నిలబడదు. పది పందులు మేపేవాడిని తరిమి, వెయ్యి పందుల షెడ్డుకు రిబ్బన్ కత్తిరించడం పాలకులకు కొత్త కాదు. మన పేచీ పందితో కాదు, లెక్క లేని పెంటతో.

లెక్క వేసి చూడండి. ఎదిగిన పంది పేడా మూత్రం కలిపి రోజుకు నాలుగైదు కిలోలు వేస్తుంది. వెయ్యి పందులంటే రోజుకు నాలుగైదు టన్నులు, షెడ్డు కడిగిన నీళ్లు దానికి అదనం. సరిపడా చెలకలకు పంచితే అది బంగారం లాంటి ఎరువు. ఒకే గుంతలో నింపి వదిలేస్తే అందులోని నత్రజని నైట్రేట్‌గా మారి నేలలోకి దిగుతుంది. మనది గ్రానైట్ రాతి నేల. పైన మెత్తబడిన పొర, కింద బండ, బండలో పగుళ్లు. మన బోర్లకు నీళ్లొచ్చేది ఆ పగుళ్లలో నుంచే. మురికి కూడా ఆ దారినే నడుస్తుంది. ఏ బోరులో తేలుతుందో, ఎన్నేళ్లకు తేలుతుందో పైనుంచి చూస్తే తెలియదు. షెడ్డు మూసేశాక కూడా బోరు మాత్రం పాడైపోయే ఉంటుంది.

తాగే నీళ్లలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. దాటితే చంటిపిల్లల రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలమవుతుంది. ఎక్కువైతే పశువులకూ విషమే. ఈ నీళ్లకు రంగూ ఉండదు, వాసనా ఉండదు. కాచితే పోకపోగా, నీళ్లు మరిగి తగ్గినకొద్దీ చిక్కబడుతుంది. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదికలో తెలంగాణ నుంచి తీసిన నమూనాల్లో పావు వంతుకు పైగా ఈ గీత దాటాయి. ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఇందులో మన యూరియా వాటా కూడా ఉంది. రేపు ఫారం యజమాని మొదట అనేది కూడా అదే: ‘నీ బోరులో నైట్రేట్ నీ యూరియాదే, నా పందులది కాదు.’

అందుకే ముందు పరీక్ష కావాలి. పునాది తవ్వకముందు చుట్టుపక్కల బోర్ల నీళ్లు తీసి రాసిపెట్టుకోకపోతే తరువాత ఎవరూ ఏమీ తేల్చలేరు. వాలుకు పైనున్న బోరు ఒకటి, కిందనున్నవి రెండు మూడు, వాన నీళ్లు చేరే కుంట ఒకటి ఉండాలి. మే నెలలో ఒకసారి, తొలకరి కాగానే ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి తీయాలి. నైట్రేట్, అమ్మోనియా, క్లోరైడ్, మలంతో వచ్చే ఈ.కోలి చూస్తే చాలు. యూరియా నుంచి ఈ.కోలి పుట్టదు కాబట్టి యజమాని వాదం అక్కడ తడబడుతుంది. ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల నుంచి కూడా అది రావచ్చు. అందుకే పైబోరు, కిందిబోరు పక్కపక్కన పెట్టి చూడాలంటున్నాం.

కొన్నేళ్ల కింద నేను ఒక సీసాలో నీళ్లు పట్టుకుని ఒక కార్యాలయానికి పోయాను. కూర్చోమన్నారు, చాయ్ ఇచ్చారు. ‘మీరు తెచ్చిన నీళ్లు చెల్లవు’ అన్నారు. కోపం వచ్చింది కానీ చట్టం చూస్తే ఆయన తప్పు చెప్పలేదు. 1974 నీటి చట్టం 21వ సెక్షన్ కింద మండలి అధికారి నోటీసిచ్చి, యజమాని ఎదుట మురుగునీటి నమూనా తీసి, రెండు భాగాలు చేసి సీలు వేస్తేనే కోర్టులో సాక్ష్యం. మన సీసా సాక్ష్యం కాదు. కానీ ఆ అధికారిని ఊరికి రప్పించేది మన సీసాయే. ఆయన వచ్చి ఏం రాసుకుపోయాడో సమాచార హక్కు చట్టం కింద తెప్పించుకోవచ్చు.

‘పరీక్షలంటూ చిన్న రైతును వేధిస్తారా?’ అనేవాళ్లున్నారు. ఖర్చు చిన్న రైతు మీద వేయమని మనం అనలేదు. సబ్సిడీ ఇచ్చే సర్కారే పరీక్ష ఖర్చు కూడా భరించాలి. కోళ్ల ఫారాల కథ గుర్తుండాలి. లక్ష కోళ్ల లోపు ఫారాలకు కాలుష్య అనుమతే అక్కరలేదని ఏళ్ల తరబడి నడిపారు. 2020లో హరిత ట్రిబ్యునల్ గట్టిగా అడిగాకే కేంద్ర మండలి నిబంధనలు మార్చింది. అమెరికా నార్త్ కరోలినాలో 1995 జూన్‌లో ఒక పందుల ఫారం పెంటగుంత తెగి దాదాపు తొమ్మిదిన్నర కోట్ల లీటర్ల మురుగు న్యూ రివర్‌లోకి పోయింది. కొత్త గుంతలు ఆపడానికి అక్కడి ప్రభుత్వానికి మరో రెండేళ్లు పట్టింది.

111 జీవో కింద 84 ఊళ్ల రైతులు, 1,32,600 ఎకరాలు, పట్నం నీళ్ల కోసం పాతికేళ్లు కట్టుబడి ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేశామన్నారు. భూమి ధర గురించి అందరూ మాట్లాడారు. బోరు గురించి మాట్లాడింది ఎవరు? రాజేంద్రనగర్‌లోనే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. శంషాబాద్‌కు అరగంట దూరం లేదు. ఏడాదికి మూడుసార్లు పది బోర్ల నీళ్లు చూడలేనంత పేదవి కావు అవి.

పెద్ద షెడ్డుకు సంతకం పెట్టే ముందు చుట్టూ బోర్ల పరీక్ష కాగితం అడగాలని పంచాయతీలతో తీర్మానం చేయించాలి. ఫలితం తెలుగులో పంచాయతీ గోడ మీద అతికించాలి. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష కిట్టు వాడకం నేర్పాలి. మీ ఊళ్లో ఆ కిట్టు ఏ అల్మారాలో ఉందో ముందు అడగండి. గ్రామ కమిటీలు మే రెండో వారంలో మొదటి నమూనాలు తీయాలి. సీసా మీద బోరు యజమాని పేరు, బోరు లోతు, తేదీ, గంట రాయండి. ఈ.కోలి కోసమైతే ల్యాబువాళ్లిచ్చే శుభ్రమైన సీసానే వాడి, మంచులో పెట్టి అదే రోజు చేర్చండి. ఒక కాపీ సంఘం కార్యాలయానికి పంపండి.