తోక తెంపుకున్న తరం

పండుగ రోజుల్లో చౌటుప్పల్‌లో ఏ ఫ్లెక్సీ దుకాణం ముందు కాసేపు నిలబడినా ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లగాడు తలెత్తకుండానే అడుగుతాడు: "అన్నా, పేరు ఎనుక ఏం పెట్టాలె?" ఒకరు రెడ్డి అంటారు, ఒకరు గౌడ్, ఒకరు యాదవ్, ఇంకొకరు మాదిగ. ఆ అక్షరాలు కొంచెం పెద్దగా రావాలని పట్టుబట్టేవాళ్లూ ఉంటారు. బయట నిలిపిన బండి నంబరు ప్లేటు మీదా అదే మాట.

చౌటుప్పల్ ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లాలోనే వీరవెల్లి ఉంది. 1938లో అక్కడ పుట్టిన కుంభం యాదవరెడ్డి 1965 నాటికి ఆ పేరు వదిలేసి నిఖిలేశ్వర్ అయ్యారు. ఘట్‌కేసర్ దగ్గరి అంకుశాపురం నుంచి వచ్చిన బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజు అయ్యాడు. నగ్నముని, జ్వాలాముఖి, భైరవయ్య, మహాస్వప్నలతో కలిసి వీళ్లు ఆరుగురు, దిగంబర కవులు. ఆ పేరు వినగానే మనకు బూతులు గుర్తొస్తాయి, అర్ధరాత్రి ఆవిష్కరణ గుర్తొస్తుంది. 1965 మేలో హైదరాబాద్‌లో వాళ్ల తొలి సంపుటిని రిక్షా కార్మికుడు నాంపల్లి పాండు ఆవిష్కరించాడు. తర్వాతి సంపుటాలను విజయవాడలో హోటల్ కార్మికుడు, విశాఖలో బిచ్చమెత్తుకునే మహిళ ఆవిష్కరించారు. మంత్రికో పండితుడికో దక్కే పీట మీద ఎవరిని కూర్చోబెట్టారన్నది కవిత్వంతో సమానమైన ప్రకటన. ఇంటిపేరును, దానితోపాటు కులాన్ని వదులుకోవడం అంతకన్నా ముందు చేసిన పని. మన చర్చల్లో తక్కువగా వినబడేది అదే.

దిగంబర కవులను అమెరికా బీట్ కవులకు, కలకత్తా హంగ్రీ తరానికి తెలుగు నకలుగా చూడటం ఒక అలవాటు. పోలికలు లేకపోలేదు. కానీ అమెరికా యువతకు మొహం మొత్తింది సమృద్ధితో. ఇక్కడ ఆ ఏళ్లలోనే దేశాన్ని కరువు కమ్మింది, అమెరికా నుంచి ఓడల్లో వచ్చే గోధుమల కోసం రేషన్ దుకాణాల ముందు జనం బారులు తీరారు. పోల్చక తప్పదంటే బీట్ కవి గిన్స్‌బర్గ్ కన్నా అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ దగ్గరి చుట్టం. తన పూర్వీకులకు బానిస యజమానులు అంటగట్టిన 'లిటిల్' అన్న ఇంటిపేరు కొట్టేసి, పోయిన అసలు పేరుకు గుర్తుగా 'ఎక్స్' పెట్టుకున్నవాడు. దిగంబరుల తొలి సంపుటికి కొద్ది నెలల ముందే, 1965 ఫిబ్రవరిలో, న్యూయార్క్‌లో హత్యకు గురయ్యాడు. అయితే తేడా ఉంది. ఆయన వదిలింది పెత్తనం చేసినవాడు పెట్టిన పేరును. మన రెడ్డి యువకులు వదిలింది పెత్తనం చెలాయించే వీలిచ్చే పేరును.

ఈ నేలలో ఆ తెగింపు ఉన్నట్టుండి పుట్టలేదు. దొరల గడీల కాలంలో భూమి కన్నా ముందు కోతపడేది పేరుకే. మల్లయ్య మల్లిగాడయ్యేవాడు, ఎల్లమ్మ ఎల్లి అయ్యేది. తాత వయసు మనిషిని దొర ఇంటి పసివాడు 'ఒరేయ్' అనేవాడు. బదులుగా 'నీ బాంచెన్ దొరా' తప్ప మరో మాట లేదు. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభ తర్వాత జనం 'సంఘం' అని పిలుచుకున్న ఆ సభ సభ్యత్వ చీటీ పట్టుకుని పల్లెపల్లెకూ పోయింది. వెట్టి ఆగింది, భూముల పంపకం జరిగింది. వాటితోపాటు మల్లిగాడు మళ్లీ మల్లయ్య అయ్యాడు. సంఘం నాటి పెద్దలు చెప్పుకునే ముచ్చట్లలో ఎకరాల లెక్క పక్కనే ఈ 'అయ్య' కూడా ఉంటుంది.

ఇక చౌటుప్పల్‌కు పొరుగునే ఉన్న పోచంపల్లిని చూడండి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు నలభై దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నారు. ఊరి పేరే భూదాన్ పోచంపల్లి అయింది. ఇచ్చిన చేతి పేరు పాఠ్యపుస్తకాలకెక్కింది. నోరు తెరిచి అడిగిన ఆ నలభై ఇళ్లవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

దిగంబర కవుల పరిమితి ఇక్కడే బయటపడుతుంది. తోక ఉన్నవాడే తెంపుకోగలడు. అసలు పేరే సగానికి తెగిపోయిన వాళ్లకు ఆ దారి చాలదు. అందుకే కింది నుంచి వచ్చిన తిరుగుబాట్లు ఎదురు దిశలో నడిచాయి. హైదరాబాద్‌లో మాదరి భాగయ్య భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు. పై కులాల వాళ్లు తమ సొత్తనుకున్న రెండు బిరుదులు అతని పేరులో నిలిచాయి. 1917లో బెజవాడ సభలో 'పంచమ' అన్న మాట తీసేయించి 'ఆది ఆంధ్ర' అనిపించాడు. చిట్యాల ఐలమ్మను జనం చాకలి ఐలమ్మగానే గుండెల్లో పెట్టుకున్నారు. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం, తిట్టుగా వాడిన కులం పేరునే ఇంటిపేరంత గర్వంగా చివరన నిలబెట్టింది.

ఒకరు తీసేయడం, ఇంకొకరు తగిలించుకోవడం పైకి వైరుధ్యంగా కనిపిస్తుంది. ఆ పేరు గడీ అరుగు మీది నుంచి వచ్చిందా, అరుగు కింది నుంచి వచ్చిందా అని చూస్తే చిక్కు విడిపోతుంది. ఫ్లెక్సీ మీది తోకలన్నిటినీ ఒకే గాటన కట్టి 'కులపిచ్చి' అనేయడం సరికాదనేది అందుకే. మాదిగ అని రాయించుకున్న కుర్రాడు తాతలు పోగొట్టుకున్నది తిరిగి అడుగుతున్నాడు. రెడ్డి అని రాయించుకున్న కుర్రాడు అరవై ఏళ్ల కిందట తన జిల్లావాడే విడిచిపెట్టినదాన్ని మళ్లీ తలకెత్తుకుంటున్నాడు.

దిగంబరులకు మరో గుడ్డితనమూ ఉంది. ఆరుగురూ మగవాళ్లే. వ్యవస్థను తిట్టడానికి ఆడదాని ఒంటిని ఉపమానంగా వాడుకున్నారన్న స్త్రీవాదుల విమర్శను తోసిపుచ్చలేం. వాళ్ల ఉద్యమం మూడు సంపుటాలతోనే ముగిసింది. నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు 1970లో విప్లవ రచయితల సంఘం (విరసం)లోకి నడిచారు, మరుసటి ఏడు ముందస్తు నిర్బంధ చట్టం కింద జైలుకూ వెళ్లారు. కవిత్వం రాజకీయమైంది సరే, పేరు వదిలే పని మాత్రం తర్వాతి తరానికి అందలేదు. ఉద్యమాల లెక్కను ఎకరాల్లో, సీట్లలో, రాష్ట్రాల్లో కొలవడం మనకు అలవాటు. పిలుపులో వచ్చిన మార్పుకు ఆ ఖాతాలో గడి లేదు. అందుకే అది ఎప్పుడు జారిపోయిందో కూడా గమనించలేదు.

ఫ్లెక్సీ పని అయ్యేలోగా ఆ కుర్రాళ్లు పక్క హోటల్లో చాయ్ తాగుతారు. ఎక్కడో ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన పిల్లవాడు గ్లాసులు తెచ్చి బల్ల మీద పెడతాడు. రెడ్డి, గౌడ్, మాదిగ అందరూ కలిసి అతణ్ని ఒకే మాటతో పిలుస్తారు: "అరే చోటూ!" అతని పేరేమిటో ఎవరూ అడగరు.